మా డ్రాయింగు మాస్టారి ముఖాలు

బొమ్మల ప్రదర్శనకు జనం పూలదండలతో రావడం నేను అమలాపురంలోనే చూశాను.

సంక్రాంతి వెళ్ళిన రెండు రోజులకు అక్కడ ఒక కల్యాణ మండపంలో మా డ్రాయింగు మాస్టారి బొమ్మలు పెట్టారు. మాస్టారు పోయి కొన్నేళ్ళయింది. వాళ్ళ అమ్మాయి, ఆయన దగ్గర డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలకు చదువుకున్న పాత శిష్యులు కలిసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, ఇళ్ళలో గోడలకు వేలాడుతున్న పటాలను అడిగి తెచ్చారు. పండుగకు హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి దిగిన పిల్లలు ఇంకా ఊళ్ళోనే ఉంటారు కనుక ఆ రోజులు ఎంచుకున్నారు. వచ్చినవాళ్ళలో చిత్రకళ మీద మోజుతో వచ్చినవాళ్ళు కొద్దిమందే. "మా మామగారి పటం పట్టుకెళ్ళారు, ఏ మూల పెట్టారో చూసి వద్దాం" అని వచ్చినవాళ్ళే ఎక్కువ.

పటాలు ఇళ్ళనుంచి ఎలా వచ్చాయో అలాగే పెట్టడం నాకు బాగా నచ్చింది. అద్దాల మీద కుంకుమ బొట్లు, వాటి కింద ఎండి రాలిన గంధం, ఫ్రేము మేకుకు చిక్కుకున్న పాత దండ దారం, ఏదీ తుడవలేదు. ఒక పెద్దావిడ సంచిలోంచి అగరువత్తులు తీసి వెలిగించబోతే, నిర్వాహకుల్లో ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి "రంగుల బొమ్మల దగ్గర నిప్పు వద్దండీ" అన్నాడు. "మీ బొమ్మకు కాదు నాయనా, మా ఆయనకు" అని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. చివరికి మండపం మెట్ల మీద వెలిగించుకోవడానికి రాజీ కుదిరింది.

మాస్టారు గౌతమి ఒడ్డున మా ఊరి హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. చెప్పేవారు అన్నాను గానీ, డ్రాయింగు పీరియడు సాధారణంగా లెక్కల మాస్టారి చేతికి పోయేది. మిగిలిన వేళల్లో ఆయన చేయని పని లేదు. రైసుమిల్లుల పేర్లు, లారీల వెనక రాతలు, శ్రీరామనవమి పందిట్లో నాటకానికి వెనక తెర మీద రాజదర్బారు, అన్నీ ఆయనే. 1983 ఎన్నికలప్పుడు ఊరి గోడల మీద అన్ని పార్టీల గుర్తులూ ఆయన చేతివే. ఏ పార్టీ వాళ్ళు అడిగినా "సున్నం మీరు వేయించుకోండి, రంగు నేను వేస్తాను" అనేవారు. అసలు ఆదాయం మాత్రం పటాల మీదే. ఇంట్లో పెద్దాయన పోతే పదకొండో రోజుకు పటం కావాలి. డబ్బులు లేనివాళ్ళు ధాన్యం కొలిచేవారు. కొబ్బరికాయలు ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. వట్టి మాట ఇచ్చినవాళ్ళూ తక్కువేమీ లేరు.

పని నేను దగ్గరుండి చూశాను. ఎవరో ఒక పెళ్ళి ఫోటోనో, గ్రూపు ఫోటోనో తెచ్చి, అందులో ఒకరిని వేలితో చూపించేవారు. మాస్టారు ఆ ముఖం మీద పలచటి కాగితం పరిచి, గట్టిగా చెక్కిన పెన్సిలుతో సన్నటి గళ్ళు గీసేవారు. పెద్ద బోర్డు మీద అన్నే గళ్ళు పెద్దవిగా గీసేవారు. ఒక్కో గడిలో ఉన్న గీతను పక్కన ఏముందో పట్టించుకోకుండా ఆ గడిలోకే దించేవారు. "ముక్కు గీస్తున్నానని అనుకున్నావంటే ముక్కు పోతుంది. ఈ గడిలో ఒక వంపు ఉంది, అంతే" అనేవారు. నలుపు తెలుపు పటమైతే బొగ్గుపొడిని దూదితో అద్ది, కుంచెతో సాపుచేసి, కంటిపాపలో మెరుపు చుక్కను రబ్బరు మొనతో తీసేవారు. రంగుల పటమైతే కోరా గుడ్డను చెక్క చట్రానికి బిగించి, వజ్రం అనే జిగురు కాచి పూసి, ఆరాక సఫేదా అనే తెల్లరంగు పట్టించి, దాని మీద ఆయిలు రంగులు వేసేవారు. ఆ వజ్రం కాగుతున్న వాసన వీధి చివరిదాకా వచ్చేది. మాస్టారి ఇంట్లో పని ఉందంటే ఊరికి ముక్కుతోనే తెలిసిపోయేది.

ఇక అడిగేవాళ్ళ కోరికలు. "రంగు కాస్త తేల్చండి మాస్టారూ." "మీసం కొంచెం దట్టం చేయండి." "చేతికి వాచీ పెట్టండి, ఆయనకు చాలా ఇష్టం." బతికున్నంతకాలం చేతికి గడియారం ఎరుగని మనిషికి పోయాక బంగారు పట్టీ వాచీ వచ్చేది. ఆ రంగు తేల్చడం అనే మాట ఇప్పుడు తలచుకున్నా నాకు చిరాకే. ఎండలో వానలో కొబ్బరి తోటల్లో, వరిచేలల్లో తిరిగిన మనుషులు. వాళ్ళ ముఖాలను మండపంలో వరసగా చూస్తుంటే, నీడపట్టున కూర్చుని వయసు గడిపిన జమీందారుల సభలా ఉంది. మాస్టారిని తప్పుపట్టలేను. బియ్యం ఆ తెల్లరంగుతోనే వచ్చేవి.

మండపంలో కుడి గోడంతా ఊరివాళ్ళ పటాలు. ఎడమ గోడ మొత్తం మాస్టారు తనను తాను వేసుకున్న బొమ్మలు. ఆయన అలాంటివి వేసుకునేవారని మాలో చాలామందికి తెలియదు. నాకు కొంచెం తెలుసు. ఎందుకు తెలుసో చెప్పాలంటే రాజమండ్రి వెళ్ళిన రోజు సంగతి చెప్పాలి.

మా తరగతిని ధవళేశ్వరం ఆనకట్ట చూపించడానికి తీసుకువెళ్ళినప్పుడు, మాస్టారు పట్టుబట్టి బస్సును రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ దగ్గర ఆపించారు. మాకు ఆకలి. ఆయనకు అదేమీ పట్టలేదు. రామారావు 1897లో రాజమండ్రిలోనే పుట్టాడనీ, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ఆయన చేతిలోని విద్యను కనిపెట్టి బొంబాయి జె.జె. స్కూలుకు పంపించాడనీ, తిరిగివచ్చి ఇక్కడే పిల్లలకు బొమ్మలు నేర్పాడనీ చెప్పారు. అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారని, ఆయన పోయాక మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టాడని, అక్కడ నిలబడి ఆయన చెబుతుంటే మాలో ఒకడు కిటికీలోంచి గోదావరి మీద పడవలు లెక్కపెడుతున్నాడు. "సిద్ధార్థ రాగోదయం" ముందు మాస్టారు చాలాసేపు నిలబడ్డారు. మేము జామకాయల కోసం బయటకు జారుకున్నాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఆయన పక్కన కూర్చున్నాను. రామారావు 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయాడు, 28 ఏళ్ళు కూడా నిండలేదు. మాస్టారు ఆ మాట చెప్పి, "ఆయనకు తన ముసలి ముఖం వేసుకునే యోగం లేకపోయిందిరా" అన్నారు. అదేమి యోగమో నాకు అర్థం కాలేదు. ఆ వారంలోనే ఆయన ఇంటికి వెళితే వెనకగదిలో గోడకు, ఏదో వారపత్రికలోంచి కత్తిరించిన రెంబ్రాంట్ ముసలి ముఖం అంటించి ఉంది. డచ్చివాడు, 1669లో పోయాడు, పెయింటింగులూ రేకు మీద చెక్కినవీ చిత్తుగీతలూ అన్నీ కలిపితే తన ముఖాన్నే 80 దాకా వేసుకున్నాడు అని చెప్పారు. "అన్ని ఎందుకు సార్?" అంటే, "మోడలుకు డబ్బులివ్వాలి, తనకు తాను ఇచ్చుకోనక్కరలేదు" అన్నారు. ఆ వెంటనే వాన్‌గో సంగతి. మోడళ్ళు దొరక్క ఒక మంచి అద్దం కొనుక్కున్నానని ఆయన తమ్ముడికి ఉత్తరం రాశాడట. 1888 డిసెంబరులో చెవి కోసుకున్నాడు, ఎడమ చెవి. మరుసటి నెలలో వేసుకున్న బొమ్మలో కట్టు కుడి చెవికి కనిపిస్తుంది. "ఎందుకు చెప్పు?" అన్నారు మాస్టారు. నేను తెల్లమొహం వేశాను. బీరువా అద్దం ముందు నన్ను నిలబెట్టి, "కుడిచెయ్యి ఎత్తు" అన్నారు. ఎత్తాను. "అద్దంలో ఉన్నవాడు నిజంగా నీకు ఎదురుగా నిలబడ్డ మనిషే అయితే ఏ చెయ్యి ఎత్తినట్టు?" సైన్సు మాస్టారు కాంతి పాఠం అంతా చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క ప్రశ్నతో ఎక్కింది.

ఆ బీరువా అద్దమే ఎడమ గోడ మీది బొమ్మలన్నిటికీ మూలం.

మొదటిది ఆయన పెళ్ళి కాకముందు వేసుకున్నది. నిజం చెప్పాలంటే పేలవంగా ఉంది. అప్పటి సినిమా హీరోల పాపిడి, గులాబీరంగు బుగ్గలు. ఊరివాళ్ళకే కాదు, తనకూ రంగు తేల్చుకున్నారు. తరువాతి దానిలో భార్య శాలువాను తలపాగా చుట్టుకుని రెంబ్రాంట్‌లా చీకట్లోంచి చూశారు. గంభీరంగా ఉందామనుకున్నారు గానీ, జలుబు చేసిన మనిషిలా ఉన్నారు. మా బ్యాచివాళ్ళం దాని ముందు నవ్వు ఆపుకోలేకపోయాం. వాళ్ళ అమ్మాయి కూడా నవ్వింది. "నాన్నగారికీ అది నచ్చలేదు, వెనకవైపు లారీ నంబరు ప్లేటుకు నమూనా రాసుకున్నారు" అంది. తిప్పి చూపించింది కూడా.

ఆ తరువాత నుంచి బొమ్మలు మారాయి. ఒక్కో బొమ్మ ఒక్కో చిక్కు తీర్చుకోవడానికి వేసినట్టు ఉంటుంది. ఒకదాంట్లో అంతా కళ్ళజోడే. అద్దాల మీద కిటికీ వెలుగు పడి, ఒక కన్ను పూర్తిగా దాగిపోయింది. ఒకదాంట్లో కిరసనాయిలు దీపం గడ్డం కింద పెట్టుకుని, కింది నుంచి పడే వెలుగులో ముక్కురంధ్రాలు, కనుబొమలు ఎలా మారతాయో చూసుకున్నారు. ఒకదాంట్లో రెండు రోజుల తెల్లగడ్డం. ఒక్కో వెంట్రుకనూ గీయలేదు. తడి రంగు మీద కుంచె వెనక పుల్లతో గీరి, అడుగునున్న సఫేదాను పైకి తెచ్చారు. దగ్గరకు వెళితే గీతలు, నాలుగడుగులు వెనక్కి వస్తే చేత్తో తడిమితే గరగరలాడే గడ్డం. వీటిలో ఒంటిరంగు ఆయనదే. మట్టిరంగు, దానిలో కాస్త ఎరుపు, చెవి దగ్గర ముదురు ఊదా.

కొన్ని బొమ్మల్లో భుజం పైన గాలిలో ముదురెరుపు చుక్క ఒకటి తేలుతూ ఉంది. జనం రకరకాలుగా అనుకున్నారు. ఒకాయన సూర్యుడన్నాడు. చదువుకున్న కుర్రాడొకడు మూడో కన్ను అని పక్కవాడికి వివరిస్తున్నాడు. అది మాస్టారి భార్య బీరువా అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళ. కనిపించింది వేయడమే కనుక ఆయన దాన్నీ వేశారు. ఆవిడ మాస్టారి కంటే ముందే పోయారు. తరువాతి బొమ్మల్లోనూ చుక్క అక్కడే ఉంది, కాస్త వెలిసింది.

1986 ఆగస్టు వరదకు మాస్టారి ఇల్లు కిటికీల దాకా మునిగింది. పటాలన్నీ అటక మీదికి ఎక్కించేసరికి చోటు చాలక తన బొమ్మలు కొన్నిటిని కిందే వదిలేశారట. "ఊరివాళ్ళవి పోతే ఎవరిని చూసి వేయను? నన్ను మళ్ళీ వేసుకోవచ్చు" అన్నారని వాళ్ళ అమ్మాయి చెప్పింది. వాటిలో రెండు బతికాయి. మెడ దగ్గర అడ్డంగా గోధుమరంగు చార. దాని కింద రంగు పొలుసులుగా లేచింది, పైన మాత్రం నిక్షేపంగా ఉంది. నిర్వాహకులు వాటిని బాగుచేయించకుండా అలాగే పెట్టినందుకు వాళ్ళకు దండం పెట్టాలి.

పక్కనే 1996 నవంబరు తుఫాను తరువాతి బొమ్మ. ముందటి బొమ్మలన్నిటిలో వెనక కిటికీలో ఒక కొబ్బరిచెట్టు తల కనిపిస్తుంది. ఈ బొమ్మలో ఆ కిటికీ నిండా తెల్లటి ఆకాశం. కోనసీమలో ఆ నవంబరు 6 రాత్రి ఏమి జరిగిందో తెలిసినవాళ్ళకు ఇంకేమీ చెప్పనక్కరలేదు. మా పక్కన నిలబడ్డ రైతు ఒకాయన ముఖం చూడనే లేదు, కిటికీనే చూశాడు. "పెరటి చెట్టు కూడా పోయిందన్నమాట మాస్టారికి" అని ముందుకు కదిలాడు.

ఈ బొమ్మలు చూస్తున్నప్పుడే చెయ్యి నా కంటపడింది.

చిన్నప్పుడు ఎడ్లబండి చక్రంలో పడి మాస్టారి ఎడమచేతి చిటికెన వేలు లోపలికి వంగిపోయింది. ఆ వేలితోనే మా చెవులు మెలిపెట్టేవారు కనుక మాకు బాగా పరిచయం. అద్దంలో చూసి వేసుకున్నవి కాబట్టి, బొమ్మల్లో అది కుడిచేతి వేలుగా కనిపిస్తోంది. అంతవరకు సరే. వెనక్కి తిరిగి కుడి గోడవైపు చూశాను. మా తాతయ్య పటం. కుర్చీలో కూర్చుని, ఎడమచేతిని కండువా మడతల్లో దాచుకుని, కుడిచెయ్యి కుర్చీ పిడి మీద ఆనించి ఉన్నాడు. ఆ చేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. ఆయన ఫోటో ఒకే ఒక్కటి, సహకార సంఘం వాళ్ళు తీయించుకున్న గ్రూపు ఫోటో. అందులో వెనక వరసలో, ఇద్దరి భుజాల మధ్య, పెసరగింజంత ముఖం. చేతుల్లేవు, కుర్చీ లేదు. చిన్నప్పటినుంచి పండగపండక్కీ దణ్ణం పెట్టుకున్న ఆ చెయ్యి మా మాస్టారిది!

ఇక ఆగలేదు. వరసగా చూసుకుంటూ వెళ్ళాను. పాత మునసబుగారి చెయ్యి అదే. రైసుమిల్లు యజమానిది అదే. హరికథలు చెప్పే దాసుగారు చిడతలు పట్టుకున్న చెయ్యి కూడా అదే. బతికుండగా ఎదురుగా కూర్చున్నవాళ్ళకు మాత్రం ఎవరి చేతులు వాళ్ళవి. ఫోటోలోంచి వేసినవాళ్ళందరికీ, ఫోటోలో చేతులు లేనప్పుడల్లా, వంకర వేలున్న ఒకే కుడిచెయ్యి. కుంచె పట్టుకున్న కుడిచెయ్యి ఖాళీ ఉండదు, చూసి వేసుకోవడానికి దొరికేది ఎడమచెయ్యి ఒక్కటే. అద్దం దాన్ని కుడిచెయ్యి చేసింది. రెండో చేతికి మోడలు లేదు కనుక ఊళ్ళో పెద్దమనుషులందరూ ఎడమచేతిని కండువా కిందే దాచుకున్నారు.

రెంబ్రాంట్‌కూ ఇదే చిక్కు వచ్చింది. లండన్‌లో కెన్‌వుడ్ హౌస్‌లో ఉన్న ఆయన ముసలితనపు బొమ్మను ఎక్స్‌రే తీస్తే, మొదట అద్దంలో కనిపించినట్టే కుంచెను ఎడమచేతిలో వేసుకుని, తరువాత దిద్దుకున్నట్టు తేలింది. మా మాస్టారు దిద్దుకోలేదు. ఆ పటాలకు గడువు పదకొండో రోజు.

మాస్టారి అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. "ఇప్పుడా చూశావు?" అంది. "ఆడవాళ్ళ పటాలు చూడలేదా? ఆ చేతులన్నీ మా అమ్మవి. పొయ్యి మీద కూర మాడిపోతోందని గొడవపెడుతుంటే, ఇంకొక్క నిమిషం అని కూర్చోబెట్టేవారు." నిజమే. కరణంగారి తల్లి ఒడిలో ముడుచుకున్న చేతుల్లో ఏదో తొందర ఉంది, లేవబోతున్న మనిషి చేతులవి.

పెద్ద అత్తయ్యను చక్రాల కుర్చీలో తీసుకువచ్చాం. ఆవిడకు ఈ సంగతి చెప్పాలని నాకు ఆత్రం. చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటూ, "మాకు తెలియదనుకున్నావా? పటం తెచ్చిన రోజే మా అమ్మ కనిపెట్టింది. ఈ వేలు ఏమిటి మాస్టారూ అని అడిగింది. ఆయన నీళ్ళు నమిలి, మార్చి తెస్తానన్నాడు" అంది.

"మరి ఎందుకు మార్చలేదు?"

"అమ్మ కాసేపు చూసి, ఆయన చేతులు ఎలా ఉండేవో ఇప్పుడు నాకు మాత్రం గుర్తుందా ఏమిటి, ఉండనివ్వండి అంది. డబ్బులు మాత్రం కొంచెం తగ్గించి ఇచ్చింది." అత్తయ్య పటం దగ్గరకు తోయమని, ఒడిలో ఉన్న బంతిపూల దండ నా చేతికిచ్చి వేయమంది. "ఆ వేలుకు కూడా తగిలేలా వెయ్యి, ఆయనకూ చేరుతుంది" అంది.

ప్రదర్శన అయ్యాక పటాలు ఎవరి ఇళ్ళకు వాళ్ళవి వెళ్ళాయి. మాస్టారి సొంత బొమ్మల కోసం పట్నంలో ఎవరో అడిగారట గానీ, వరద చార ఉన్న రెండూ ఇవ్వనని వాళ్ళ అమ్మాయి చెప్పేసింది. మా తాతయ్య పటం అద్దం పగుళ్ళిచ్చింది కనుక కొత్తది వేయించే పని తమ్ముడికి అప్పగించాం. పనిలో పనిగా స్కాన్ చేయించి, మనవలందరికీ తలా ఒక కాపీ తీయించమన్నాం. మొన్న వాడు ఫోను చేశాడు. షాపులో కుర్రాడు కంప్యూటర్‌లో బొమ్మను పెద్దది చేసి చూసి, "ఇక్కడ వేలు తప్పుగా వచ్చింది అన్నా, సరిచేయమంటారా? డబ్బులేమీ తీసుకోను" అన్నాడట. నన్ను కాదు, అత్తయ్యను అడగమన్నాను. అడిగాడు. షాపు మార్చాడు.